సోహార్ ఎండ, మన తుపాన్లు: సోంపేట కుర్రాడు అడిగినదానికి నా జవాబు

బాబూ, నువ్వడిగినవి మూడు సంగతులు. మీ తమ్ముడికి ఒమన్‌లో సోహార్ దగ్గర వెల్డర్ పని ఖాయమైంది, జూన్‌లో విమానం ఎక్కాలి. అక్కడ యాభై డిగ్రీలు కాస్తుందని టీవీలో చూసినప్పటి నుంచి మీ అమ్మగారికి టెన్షన్. మీ తాతగారేమో ‘ఎండలూ తుపాన్లూ మా కాలంలోనూ ఉన్నాయిరా, ఇదంతా టీవీ వాళ్ల గోల’ అంటున్నారు. ఇక ప్రపంచంలో వాతావరణం సవ్యంగా ఉన్న చోటు ఇంకా ఏదైనా మిగిలిందా అన్నది నీ సొంత అనుమానం.

నాది కవిటి పక్కన పల్లె. ఇరవయ్యో ఏట ఖలాసీగా ఓడెక్కాను. పరీక్షలు రాసుకుంటూ సెకండ్ ఆఫీసర్ దాకా వచ్చి, 29 ఏళ్లు పని చేశాక దిగిపోయాను. ఇప్పుడు కొబ్బరి తోట చూసుకుంటున్నాను. నేను డాక్టర్నీ కాను, శాస్త్రవేత్తనీ కాను. కాకపోతే ఓడ మీద వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, ఉన్నవాడు ఆరు గంటలకోసారి గాలి, మబ్బు, అల, వేడి చూసి రాసి వాతావరణ కేంద్రానికి పంపాలి. ఆ పని కొన్ని వేల సార్లు చేశాను. నా కొడుకు వయసువాడివి కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు సోహార్ ఎండ సంగతి. యాభై డిగ్రీలు అన్న మాట కాసేపు పక్కన పెట్టు. ఆ అంకె సగం సంగతే చెబుతుంది.

ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటారు, దాని పక్కన తెల్లరంగు వేసిన చిన్న చెక్కపెట్టె ఒకటి ఉంటుంది, గాలి ఆడేటట్టు చుట్టూ పలకలు. లోపల రెండు థర్మామీటర్లు. ఒకటి మామూలుది. రెండోదాని బల్బుకి పల్చటి నూలుగుడ్డ చుట్టి, దాని కొస నీళ్ల సీసాలో ముంచి ఉంచుతారు. గుడ్డలో తడి ఆరేకొద్దీ బల్బు చల్లబడుతుంది. మన మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే. గాలి పొడిగా ఉంటే గుడ్డ చురుగ్గా ఆరుతుంది, రెండు థర్మామీటర్లకీ ఇరవై డిగ్రీల తేడా కూడా వస్తుంది. గాలిలో తేమ నిండి ఉంటే గుడ్డ ఆరదు, రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయి. వాచ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు సీసాలో నీళ్లు పోయడం మర్చిపోయి రెండు అంకెలూ ఒకటే రాసేవాళ్లు. తిట్లు తినేవాళ్లు. మన ఒళ్లు ఆ రెండో థర్మామీటరు లాంటిది. చెమట పట్టడం వల్ల కాదు, అది ఆరడం వల్ల ఒళ్లు చల్లబడుతుంది.

లెక్క చూడు. 45 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 15 శాతం అనుకో. తడి థర్మామీటరు 24 దగ్గర ఆగుతుంది. అదే 36 డిగ్రీల వేడి, తేమ 75 శాతం అయితే అది 32కి పోతుంది. టీవీ వాళ్లకి మొదటిది పెద్ద వార్త, రెండోది అసలు వార్తే కాదు. ఒంటికి మాత్రం రెండోదే గండం. రాజస్థాన్‌లో ఫలోది అనే ఊళ్లో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. నీడా నీళ్లూ ఉన్నవాడికి అక్కడి మధ్యాహ్నం కంటే ఆగస్టులో గల్ఫ్ తీరంలో రాత్రే కష్టం అంటాను నేను.

ఎందుకంటే ఆ రాత్రి నేను చూశాను. పర్షియన్ గల్ఫ్‌లో లంగరేసి ఉన్నాం. అర్ధరాత్రి వాచ్. మామూలు థర్మామీటరు 34, తడిది 32. చిన్న గాలి కూడా లేదు. సముద్రంలో నీళ్లే 34 ఉన్నాయి. ఏసీ గదిలోంచి బయటికి అడుగు పెడితే కళ్లజోడు మసకేసిపోయేది, రెయిలింగు పట్టుకుంటే చెయ్యి తడిసేది. కింద సరుకు నింపే హోల్డు కడుగుతున్న మా భీమిలి కుర్రాడు ఒకడు పైకి వచ్చి, ‘సార్, బస్సు వెళ్లిపోతుంది, నేను ఇంటికెళ్లాలి’ అన్నాడు. జోక్ చేస్తున్నాడనుకుని పక్కవాళ్లు నవ్వారు. చెయ్యి పట్టుకుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. వెంటనే పడుకోబెట్టి పైపుతో నీళ్లు కొట్టి, చంకల్లో, మెడ దగ్గర ఐసు పెట్టాం. గంట తర్వాత మనిషి దారికొచ్చాడు. ఏం మాట్లాడాడో వాడికి గుర్తు లేదు. మీ తమ్ముడికి ఈ ఒక్కటి గట్టిగా చెప్పు: ఎండలో పని చేసేవాడు పొంతన లేకుండా మాట్లాడితే నవ్వకూడదు, ముందు నీళ్లు గుమ్మరించాలి. ఫోన్ చెయ్యడం, సూపర్‌వైజర్‌ని పిలవడం ఆ పక్కనే జరగాలి గానీ, వాళ్లొచ్చేదాకా ఆగకూడదు.

తడి థర్మామీటరు 35 చూపించే చోట ఎంత బలమైనవాడైనా, నీడలో ఊరికే కూర్చున్నా, కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆ తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల మీద పరీక్షలు చేస్తే, తేమ గాలిలో 31 దగ్గరే ఒంట్లో వేడి అదుపు తప్పుతోందని తేలింది. పాకిస్తాన్‌లో జకోబాబాద్, ఎమిరేట్స్‌లో రస్ అల్ ఖైమా, ఈ రెండు చోట్లా ఆ 35 గీత కాసేపైనా దాటిన సందర్భాలున్నాయి. రస్ అల్ ఖైమా సోహార్‌కి మరీ దూరం కాదు. అమ్మగారిని భయపెట్టడానికి చెప్పడం లేదు. మా ఇంటి అరుగు మీద నేను అలాంటి థర్మామీటర్ల జత ఒకటి పెట్టుకున్నాను. మే నెలలో తడిది 28, 29 చూపించడం ఇక్కడ మామూలే. అంటే మీవాడు ఉక్కకి కొత్తవాడు కాదు. అక్కడ తేడా మూడు నాలుగు డిగ్రీలే, కానీ గీతకి బాగా దగ్గరలో ఉన్న మూడు నాలుగు డిగ్రీలు.

ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. కంపెనీ పాటిస్తోందా లేదా అన్నది అక్కడ ఇప్పటికే ఉన్న మన వాళ్లని కనుక్కో. మీ చుట్టుపక్కల ప్రతి పల్లె నుంచీ ఎవరో ఒకరు ఆ దేశాల్లో ఉంటారు, ఏజెంటు మాట కంటే వాళ్ల మాట నమ్ము. ఒళ్లు కొత్త వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వడదెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ మొదటి రోజుల్లోనే, పని బాగా చేస్తాడని మెప్పు పొందాలని కొత్తవాడు ఒళ్లు మర్చిపోయే రోజుల్లో. వెల్డర్‌కి తోలు ఏప్రాను, చేతి తొడుగులు, ముఖానికి షీల్డు. చెమట ఆరే దారే ఉండదు. అందుకే వీలుంటే జూన్ బదులు అక్టోబరులో చేరడానికి ఏజెంటుని అడిగి చూడమంటాను. కుదరకపోతే కుదరదు, అడగడంలో తప్పులేదు.

ఇంకొకటి. మీది ఉద్దానం. అందుకే ఇది విడిగా చెబుతున్నాను. మన ఉద్దానం పల్లెల్లో ఇంతమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు, నీళ్లనీ మందులనీ ఎన్నో అనుమానాలు నడుస్తున్నాయి. కానీ సముద్రాల అవతల నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కుర్రాళ్లకి ఇలాంటి జబ్బే వస్తోంది. రోజూ ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చేయడం అక్కడ పెద్ద కారణాల్లో ఒకటని చాలామంది పరిశోధకుల మాట. గల్ఫ్‌లో పని చేసి పాడైన కిడ్నీలతో తిరిగొచ్చిన నేపాల్ కుర్రాళ్ల కథలూ ఉన్నాయి. కాబట్టి వెళ్లేముందు పలాస కిడ్నీ ఆస్పత్రిలో గానీ ఇంకెక్కడైనా గానీ కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం ఇంట్లో దాచండి. ఏడాదికోసారి అక్కడ మళ్లీ చేయించుకుని పోల్చి చూసుకోవాలి. మూత్రం ముదురు రంగులో వస్తోందంటే నీళ్లు చాలడం లేదని. ఒళ్లు నొప్పులని రోజూ నొప్పి మాత్రలు మింగడం, అదీ దాహంతో ఉన్న ఒంట్లో, కిడ్నీకి చాలా చెడ్డది. మనవాళ్లకి ఆ అలవాటు ఎక్కువ, నాకూ ఉండేది. నీళ్లతో పాటు ఉప్పు కూడా పోవాలి. మన చోడి అంబలిలో ఉప్పేసుకుని మజ్జిగ కలుపుకుని తాగి పొలానికి వెళ్లిన పెద్దవాళ్లకి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అక్కడ అంబలి లేకపోతే ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

ఇక తాతగారి మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 1839లో కోరంగి రేవునే మింగేసింది తుపాను. 1977 నవంబరు 19 దివిసీమ ఎవరు మర్చిపోతారు? తుపాన్ల లెక్క విపరీతంగా పెరిగిపోయిందని కూడా నేను అనను. మారింది లెక్క కాదు, తీరు.

తుపానుకి మేత వేడి నీళ్లు. సముద్రం పైపైన 26.5 డిగ్రీలకి మించి ఉంటేనే అది పుడుతుంది, ఆ పైన ఎంత వేడి ఉంటే అంత బలుస్తుంది. బొగ్గూ పెట్రోలూ కాల్చడం వల్ల భూమి మీద పేరుకుపోతున్న అదనపు వేడిలో నూటికి 90 పాళ్లు సముద్రమే దిగమింగుతోంది. హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు ఆ కాల్చడం వల్ల వచ్చి వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. తాతగారి చిన్నప్పటి బంగాళాఖాతం, ఇప్పటి బంగాళాఖాతం ఒకే సముద్రం, కానీ ఒకే వేడి కాదు.

తిత్లీ తుపానునే తీసుకో. 2018 అక్టోబరు 8న అది వాయుగుండం. 10కి అతి తీవ్ర తుపాను. 11 తెల్లవారుజామున గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో మన నెత్తిన. మూడు రోజులు కూడా ఇవ్వలేదు. మా తోటలో సగానికి పైగా చెట్లు పోయాయి. విరిగి పడ్డ చెట్టు ఒక బాధ, తెల్లారి చూసి ఏడ్చి ఊరుకుంటాం. నిలబడి ఉన్న చెట్టు ఇంకో రకం బాధ. పైకి బాగానే ఉంటుంది. మొవ్వు లోపల మెలి తిరిగిపోయి ఉంటుంది. నెలా రెండు నెలలకి నడిమి ఆకు పసుపు తిరిగి, లాగితే చేతిలోకి ఊడి వచ్చేస్తుంది, దాని మొదలు కుళ్లి కంపు కొడుతూ. అలాంటివి పదకొండు చెట్లు నరికించాను. పరిహారం లెక్కకి వచ్చినవాళ్లు అప్పటికి వచ్చి వెళ్లిపోయారు, నిలబడ్డ చెట్టు నిలబడ్డట్టే రాసుకున్నారు. ఎవరినీ అనడానికి లేదు, ఆ రోజుకి అవి నిలబడే ఉన్నాయి మరి.

ఇది మన ఒక్కళ్ల గోడు కాదు. మెక్సికోలో అకాపుల్కో అనే ఊరు ఉంది, మన విశాఖలాగే కొండా సముద్రమూ కలిసిన చోటు. 2023 అక్టోబరు 25న ఓటిస్ అనే తుపాను ఒక్క రోజులోపే మామూలు తుపాను స్థాయి నుంచి అన్నిటికంటే పెద్దదైన ఐదో కేటగిరీకి ఎగబాకి ఆ ఊరి మీద పడింది. పొద్దున ‘గాలీ వానా వస్తాయి’ అని విన్నవాళ్లు రాత్రికి కిటికీ అద్దాలు లేని గదుల్లో మంచాల కింద దాక్కున్నారు. హెచ్చరికలు బాగుంటే ప్రాణాలు దక్కుతాయన్నది నిజం. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో పది వేల మంది దాకా పోయారు, 2013లో అదే తీరాన్ని కొట్టిన ఫైలిన్‌లో పోయినవాళ్ల లెక్క పదుల్లోనే. కానీ హెచ్చరించడానికి టైమ్ ఇచ్చే తుపాను కావాలి కదా.

నీకు బాగా నచ్చే సంగతి ఒకటి దాచాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను మన కళింగపట్నం దగ్గర తీరం దాటింది, గుర్తుందా? కరెంటు వచ్చాక మనం దాన్ని మర్చిపోయాం. అది మాత్రం చావలేదు. వాయుగుండంగా, అల్పపీడనంగా నీరసిస్తూ తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా వానలు కురిపించుకుంటూ గుజరాత్ దాకా పోయి, అరేబియా సముద్రంలో దిగి మళ్లీ బలం పుంజుకుని, షహీన్ అని కొత్త పేరు పెట్టించుకుని, అక్టోబరు 3న ఒమన్ ఉత్తర తీరాన్ని కొట్టింది. సరిగ్గా ఎక్కడ? మస్కట్‌కీ సోహార్‌కీ మధ్య ఉన్న బాతినా తీరంలో. మీవాడి కంటే ముందే మన తుపాను ఆ ఊరి దారి చూసి వచ్చిందన్నమాట. ఒమన్ దక్షిణపు తీరానికి తుపాన్లు తెలుసు గానీ, అంత ఉత్తరాన ఒకటి తీరం దాటి వందేళ్లు పైనే అయింది. బంగాళాఖాతంలో నాలుగు పుడితే అరేబియాలో ఒకటి అని మేం ఓడల్లో చదువుకున్న లెక్క. 2019లో ఒక్క అరేబియాలోనే ఐదు వచ్చాయి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమ మోయగలదు. వాన పడేటప్పుడు అదంతా ఒక్కసారి కుమ్మరిస్తుంది. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో అల్ ఐన్ అనే ఎడారి ఊళ్లో ఒక్క రోజులోపు 250 మిల్లీమీటర్లకి పైగా పడింది. ఆ ఊరు సోహార్‌కి పడమట, సరిహద్దు అవతలే. అక్కడ ‘వాదీ’ అంటారు, మన గెడ్డ లాంటిది. పదేళ్లు ఎండిపోయి ఉంటుంది, జనం అందులో బండ్లు నడుపుతారు. కొండల్లో ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి కొట్టేస్తాయి. మబ్బు పట్టిన రోజు వాదీ దాటొద్దని మీవాడికి చెప్పు. వంశధార వరద చూసినవాడికి ఎక్కువ చెప్పక్కర్లేదు.

వాతావరణం సవ్యంగా ఉన్న చోటు మిగిలిందా అన్నావు. సవ్యం అంటే ఏమిటన్నదే నాకు ఓడలు నేర్పిన పాఠం. చిలీ దేశంలో ఇకీకే రేవుకి రెండుసార్లు వెళ్లాను. అటకామా ఎడారి. సముద్రం కాళ్ల దగ్గరే ఉంటుంది, వాన ఉండదు. మనకి సముద్రం అంటేనే వాన కదా, మా వాళ్లెవరికీ అది మింగుడు పడలేదు. సంగతేమిటంటే దక్షిణ ధ్రువం వైపు నుంచి వచ్చే చల్లటి ప్రవాహం ఆ తీరం వెంబడి పారుతుంది. నీళ్లు చల్లగా ఉంటే వాటి మీద ఉన్న గాలి పైకి లేవదు, లేవకపోతే వానమబ్బు కట్టదు. పొగమంచు మాత్రం వస్తుంది. దాన్ని పెద్ద పెద్ద వలలకి పట్టి బొట్టు బొట్టుగా నీళ్లు కూడబెట్టుకునే పల్లెలు ఆ దేశంలో ఉన్నాయి. మన జాలర్లు చేపలకి వేసే వల వాళ్లు పొగమంచుకి వేస్తారు. ఆ వాన లేని చోట వాళ్లు హాయిగానే బతికారు. 2015 మార్చిలో అదే ఎడారిలో కోపియాపో, చన్యరాల్ ఊళ్ల మీద కుండపోత కురిసి బురద ముంచెత్తింది. ఎండు వాగుల పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లు పోయారు.

సైబీరియాలో వెర్ఖొయాన్స్క్ చలికాలంలో మైనస్ 67 దాకా దిగిన ఊరు. అక్కడి మనుషులు దానికి తగ్గ ఇల్లు, తగ్గ బట్ట, తగ్గ తిండి ఏర్పాటు చేసుకున్నారు. 2020 జూన్ 20న అదే ఊళ్లో 38 డిగ్రీలు కాసింది. ఇళ్లకి పునాదిగా ఉన్న మంచునేల కరిగితే ఇళ్లు ఒరిగిపోతాయి. కెనడాలో లిటన్ అనే చిన్న ఊరు 2021 జూన్ 29న 49.6 డిగ్రీలు చూసింది, మర్నాడు మంటల్లో కాలిపోయింది. ఇంగ్లండులో 2022 జులై 19న 40.3 డిగ్రీలు వస్తే రైళ్లు ఆగిపోయాయి. మనకి నలభై డిగ్రీలు అంటే మామిడిపళ్ల కాలం. వాళ్ల ఇళ్లు చలికి కట్టినవి, ఎండని లోపల పట్టి ఉంచుతాయి, ఫ్యాను కూడా ఉండదు. ఎండ ఎక్కువై పోయినవాళ్లు కొందరు, ఎండకి కట్టని ఇంట్లో ఉండి పోయినవాళ్లు కొందరు.

అందుకని ఏ దేశం మంచిది అని నేను చెప్పలేను. ఏ ఊరికి ఏది అలవాటు, దానికి లేని అలవాటు ఎంత తొందరగా వచ్చి పడుతోంది, ఆ ఊళ్లో దానికి తయారీ ఉందా, ఇవి అడగాలి. 2024 సంవత్సరం మొత్తం మీద ప్రపంచ సగటు వేడి, ఫ్యాక్టరీలు పెరగకముందు పాతకాలం కంటే, ఒకటిన్నర డిగ్రీలకి పైగా ఎక్కువైంది. సగటు మీద ఒకటిన్నర అంటే తక్కువలా వినిపిస్తుంది. మీ అమ్మగారికి ఒంట్లో ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే మంచం దిగదు, అలా చెప్పు ఆవిడకి.

మీ తమ్ముణ్ణి వెళ్లొద్దని నేను అనను. నేనూ అలా వెళ్లి తిన్నవాణ్ణే. పరీక్ష కాగితం, ఓఆర్ఎస్, మొదటి రెండు వారాలు ఒళ్లు దాచుకుని పని, వాదీ సంగతి, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టు. కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడో తెలిశాక రాస్తే, ఆ చుట్టుపక్కల ఉన్న మన కుర్రాళ్లు ఎవరైనా నాకు తెలుసేమో చూస్తాను. అలాగే తాతగారిని ఒకటి అడిగి చెప్పు: ఆయన చిన్నప్పుడు తుపాను వస్తుందని మీ ఊళ్లో ఎలా తెలిసేది, తెలిశాక ఎన్ని రోజులు టైమ్ ఉండేది? ఆయన ఏం చెబుతారో నాకు నిజంగానే కావాలి.